కింది పెదవి

మా అత్తయ్య కింది పెదవికి ఉన్నంత తెలివి మా డెయిరీలో ఏ యంత్రానికీ లేదని ఒప్పుకోవడానికి నాకు తొమ్మిదేళ్లు పట్టింది. ఒప్పుకున్న చలికాలమే ఆ పెదవి ఆమెను మోసం చేసింది. మోసం చేసింది పెదవి ఒక్కటే అయితే ఈ కథ చెప్పాల్సిన పని నాకు ఉండేది కాదు.

అత్తయ్య ఒక బేకరీలో ఇరవై రెండేళ్లు పనిచేసి రిటైరైంది. వీధిలో అందరికీ ఆమె బేకరీ అమ్మే. ఏడాది చివరి సెలవులకు ఆరు వారాల ముందు మా వంటగది ఆమె చేతికి వెళ్లిపోయేది. వెనక మెట్ల మీద పాత డబ్బాల్లో పెంచిన పుదీనా కోసి, నీడన ఆరబెట్టి, పంచదారతో కలిపి పొడి కొట్టి, రెండుసార్లు జల్లించేది. ఆ పొడీ, రెండు చుక్కల పుదీనా నూనే నల్లటి చాక్లెట్‌లో కలిపి, ఆకు ఆకారపు అచ్చుల్లో పోసేది. చుట్టాలందరికీ కలిపి పన్నెండు డబ్బాలు. ఎవరికి ఎవరితో మాటల్లేకపోయినా ఆ డబ్బా మాత్రం అందేది.

పొడి ఎవరైనా కొడతారు. అసలు విద్య చల్లార్చడంలో ఉంది. కరిగిన చాక్లెట్ గిన్నెను వేడినీళ్ల మీంచి దించి, చెక్క గరిటెతో తిప్పుతూ, మధ్యమధ్య వేలితో కాస్త తీసి కింది పెదవి కుడి మూలన తాకించుకుని కళ్లు మూసుకునేది. ఆ రెండు క్షణాలూ ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు.

"పెదవికి చల్లగా తగలాలి. అట్లాగని చలి వేయకూడదు," అనేది నాతో. "వేడి మీద పోశావనుకో, పైన బూజు పట్టినట్టు తెల్ల చారలొస్తాయి. అచ్చులోంచి ఊడి రాదు. విరిస్తే మైనంలా వంగుతుంది."

నేను పాల డెయిరీలో, పరీక్షల గదిలో పనిచేస్తాను. పాలు ఎంత వేడెక్కాయి, ఎంత చల్లారాయి అన్నదే నా బతుకు. కాపురానికొచ్చిన మొదటి ఏడాది ఎంతో గొప్పగా ఒక థర్మామీటర్ కొని ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తీసుకెళ్లి పుదీనా డబ్బాలో గుచ్చింది.

"మట్టికి జ్వరమేమైనా వచ్చిందేమో చూస్తూ ఉండు," అంది.

మా ఆయన పడీ పడీ నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ తర్వాత తొమ్మిదేళ్లలో ఆమె పోసిన ఒక్క పళ్లెం కూడా చెడకపోవడం చూశాక, నా ఒళ్లు దానంతటదే చల్లారింది.

ఆ ఏడు పని మొదలుపెట్టే ముందు ఆదివారం మా వదిన వచ్చింది. వదినంటే మా ఆయన అక్క, హైస్కూల్లో లెక్కల టీచరు. ఇంట్లోనూ చాక్‌పీసు చేతిలో ఉన్నట్టే మాట్లాడుతుంది. మనసు మంచిదే. కాకపోతే ఆ మంచితనాన్ని కూడా ఆర్డరేసినట్టు చూపిస్తుంది.

"అమ్మా, డెబ్బై దాటాయి నీకు. గంటలు గంటలు పొయ్యి దగ్గర నిలబడటమేంటి? ఈసారి కొనేద్దాం."

"కొన్నవాటిని మనింటి చాక్లెట్లంటారా?"

"సరే, చెయ్యి. ఒక్క పళ్లెం చెడిందో, ఇక పెట్టె సర్దుకుని నాతో వచ్చేయాలి. మా ఇంట్లో హాయిగా కాళ్లు చాపుకుని కూర్చో."

"చెడినప్పుడు చూద్దాంలే," అంది అత్తయ్య తేలిగ్గా.

వదిన వెళ్లాక మాత్రం ఆ తేలికతనం లేదు. సామాన్ల గదిలో అచ్చులు తుడుస్తూ, నా వైపు చూడకుండానే అంది. "దానింట్లో నన్ను వంటగది గడప తొక్కనివ్వదే. కుర్చీలో కూర్చోబెట్టి టీవీ పెడుతుంది. అలా కూర్చున్న రోజుతో నా పని అయిపోయినట్టే."

"మిమ్మల్ని ఎవరు పంపిస్తారు అత్తయ్యా? నేనున్నానుగా," అన్నాను.

నేనున్నాను అన్న ఆ మాటను నేను చాలా గట్టిగా పట్టుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే ఆ మాటే నా కొంప ముంచిందనిపిస్తుంది.

మా డెయిరీలో నాది పొద్దుటి డ్యూటీ. రెండింటికల్లా ఇంట్లో ఉంటాను. అత్తయ్య పొద్దున్న అచ్చుల్లో పోసి, సామాన్ల గదిలో చల్లగా ఉండే అరుగు మీద పెట్టి, భోంచేసి, నాలుగింటిదాకా పడుకునేది. లేచాక పళ్లెం తిరగేసి కొట్టడం ఆమె పండగ. టపటపా ఊడిపడే చప్పుడు వినడానికి నన్ను కూడా పక్కన నిలబడమనేది.

రెండో వారం ఒక రోజు నేను ఇంటికొచ్చేసరికి ఆమె నిద్రపోతోంది. ఊరికే చూద్దామని సామాన్ల గదిలోకి వెళ్లాను. పళ్లెంలో ఇరవై నాలుగు ఆకులూ బూడిద చల్లినట్టు తెల్లబోయి ఉన్నాయి. గోరు పెడితే దిగబడింది.

ముందు నాకు తట్టింది వదిన ముఖం. ఆ తర్వాత తట్టింది, నాలుగింటికి పళ్లెం తిరగేసినప్పుడు ఏదీ రాలకపోతే అత్తయ్య ముఖం ఎలా ఉంటుందా అని. ఒక్కసారి పరధ్యానంలో పోసి ఉంటుంది, పెద్దావిడ, అంతమాత్రానికి ఇంత శిక్ష ఎందుకు అనుకున్నాను. గంటన్నర టైముంది. పుదీనా డబ్బాలోంచి కాదు గానీ, నా బ్యాగులోంచి డెయిరీ థర్మామీటర్ తీశాను.

అచ్చుల్లోంచి అంతా గీకి, కరిగించి, నలభై అయిదు డిగ్రీల దాకా వేడెక్కించి, ఇరవై ఏడుకు దించి, మళ్లీ ముప్పై ఒకటికి తెచ్చి పోశాను. కరిగించినప్పుడు వాసన తగ్గుతుందని ఇంకో చుక్క పుదీనా నూనె కలిపాను. గిన్నె కడిగి బోర్లించాను. తడి గరిటెను తుడిచి, ఆమె పెట్టినచోటే పెట్టాను. అబద్ధం చెప్పేవాళ్లు కూడా అంత శుభ్రంగా చెప్పరు.

నాలుగింటికి అత్తయ్య లేచి, ముఖం కడుక్కుని వచ్చి పళ్లెం తిరగేసింది. టపటపా అన్నీ రాలాయి. అద్దంలా మెరుస్తున్నాయి. ఒకటి చెవి దగ్గర పెట్టుకుని విరిచి, ఆ చిన్న చప్పుడుకి చిన్నపిల్లలా కళ్లు చికిలించింది. సగం నా నోట్లో పెట్టింది.

"ఎలా ఉన్నాయే?"

"బాగున్నాయి," అన్నాను గబగబా.

నిజం చెప్పాలి. ఆ సాయంత్రమంతా నాకు లోలోపల చెప్పలేనంత సంతోషంగా ఉంది. ఆమెను కాపాడానన్న సంతోషం సగం. తొమ్మిదేళ్ల తర్వాత నా థర్మామీటర్ గెలిచిందన్న సంతోషం మిగతా సగం. ఈ రెండో సగం సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

ఆ మర్నాడు పోసిన పళ్లెం చక్కగా వచ్చింది. ఆ తర్వాత రెండూ బాగానే వచ్చాయి. హమ్మయ్య, నేననుకున్నట్టు పరధ్యానమే అనుకున్నాను. నాలుగో వారంలో మళ్లీ ఒక పళ్లెం తెల్లబోయింది. మళ్లీ కరిగించాను. అయిదో వారంలో మూడోసారి. అప్పటికి నా చేతులకు అలవాటైపోయింది. గంటలో ముగించి, బట్టలు కూడా మడతపెట్టి కూర్చున్నాను.

ఇంకో సంగతి కూడా ఆ రోజుల్లోదే. అత్తయ్య టీ తాగుతుంటే కుడి మూలనుంచి కారి జాకెట్ మీద పడేది. ఆమెకు తెలిసేది కాదు. మేమే చెప్పాలి.

"ఏంటత్తయ్యా, చిన్నపిల్లలా ఒలకబోసుకుంటున్నారు? మెడలో గుడ్డ కట్టమంటారా?" అని ఆటపట్టించాను.

"కట్టవే, కట్టు. నీ పెళ్లికి ముందు నీ మొగుడికి నేనే కట్టాను," అని ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. డెయిరీలో గ్లాసు పాలలో చుక్క నీళ్లు కలిస్తే పట్టుకునే మనిషిని నేను.

సెలవులు ఇంకో వారంలో ఉన్నాయనగా ఒక మధ్యాహ్నం ఇద్దరం హాల్లో కిటికీ దగ్గర కింద కూర్చుని, చాక్లెట్లకు వెండి రంగు కాగితాలు చుడుతున్నాం. ఎండ ఆమె ఒళ్లోకి వచ్చి పడుతోంది. ఆమె చుట్టే చుట్టు ఎప్పుడూ బిగువుగా ఉండేది, ఆ రోజు వదులు వదులుగా ఉంది. నేను ఒకటి రెండు తీసి మళ్లీ చుట్టాను, ఆమె చూడకుండా.

"ఏమే," అంది ఉన్నట్టుండి. "ఈమధ్య నా పెదవి ఈ పక్క నాది కానట్టుంటోంది."

"అంటే?"

"పన్ను పీకేటప్పుడు ఇంజెక్షన్ ఇస్తారు చూడు, అలా. కాసేపుంటుంది, పోతుంది. రెండ్రోజులు బాగుంటుంది, మళ్లీ వస్తుంది. డాక్టరుకి చూపించుకుందామా అని కూడా అనుకున్నాను."

నా చేతిలో కాగితం ఆగిపోయింది.

"మళ్లీ నేనే అనుకున్నాను," అంది ఆమె ఇంకో చాక్లెట్ అందుకుంటూ. "పెదవి నిజంగా చెడితే ముందు చాక్లెట్ చెడాలి కదా? ఇరవై రెండేళ్లు దాని మీదే బతికాను, నాకు తెలియదా? ఒక్క పళ్లెమైనా చెడిందా ఈ ఏడు? లేదు. అంటే పెదవి బాగానే ఉంది. వయసొచ్చాక ఏవో అనుమానాలు."

ఆమె నా వైపు చూసింది. ఔననమన్నట్టు చూసింది.

అప్పుడు చెప్పాల్సిన మాట ఎంతో పెద్దదేం కాదు. 'మూడు పళ్లేలు చెడ్డాయి అత్తయ్యా, నేనే కరిగించి పోశాను.' అంతే. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ చెబితే మూడుసార్లు ఆమె విన్న ఆ టపటపా చప్పుడు అబద్ధమైపోతుంది. ఆమె ముందు నేను దొంగనైపోతాను. వారం ఆగితే సెలవులు, అందరూ వచ్చి వెళ్లాక మెల్లగా చెప్పి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లొచ్చు అనుకున్నాను. వారంలో ఏం మునిగిపోతుంది అనుకున్నాను.

"చలికేమో అత్తయ్యా," అన్నాను. "కాస్త వెన్న రాసుకోండి."

"అదే నేనూ అనుకున్నది," అంది ఆమె, గుండెల మీంచి బరువు దించుకున్నట్టు. మళ్లీ చుట్టడంలో పడిపోయింది.

సెలవులకు అందరూ వచ్చారు. వదిన పెట్టె కింద పెట్టకుండానే ఒక చాక్లెట్ విప్పి నోట్లో వేసుకుంది. అత్తయ్య తలుపు పట్టుకుని, పరీక్ష రాసిన పిల్లలా చూస్తూ నిలబడింది.

"ఓడిపోయానులే," అంది వదిన. "ఎప్పటికంటే బాగున్నాయమ్మా."

"బాగున్నాయట!" అంది అత్తయ్య నన్ను చూసి. ఇల్లంతా నవ్వులే. ఆ ఒక్క పూట ఆమె ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. ఆ సంతోషాన్ని తలచుకుని నన్ను నేను క్షమించుకోవాలని చాలాసార్లు చూశాను. కుదరలేదు.

రెండో రోజు పొద్దున్న అందరం టిఫిన్ దగ్గర కూర్చున్నాం. అత్తయ్య లేచి డబ్బాలు పంచుతోంది. అయిదో డబ్బా వదిన చేతికివ్వబోతుంటే అది జారి కింద పడింది. వెండి కాగితాల ఉండలు నేలంతా దొర్లాయి. ఏరుకోవడానికి వంగిన ఆమె మళ్లీ లేవలేదు. ఒక పక్కకు ఒరిగిపోయింది. మా ఆయన పట్టుకుని తిప్పేసరికి మూతి కుడివైపు జారిపోయి ఉంది. ఏదో చెప్పబోతోంది, మాట రావడం లేదు. కళ్లు మాత్రం మమ్మల్ని ఒక్కొక్కళ్లనే చూస్తున్నాయి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ బయటికొచ్చి, మెదడుకి రక్తం వెళ్లే దారిలో అడ్డు పడిందని చెప్పింది. ప్రాణానికి భయం లేదట. కుడి చెయ్యి, మాట, ఎంతవరకు తిరిగొస్తాయో చెప్పలేమంది.

"ఈ నెల రోజుల్లో ఏమైనా గమనించారా? మూతి ఒక పక్క మొద్దుబారడం, వస్తూ పోతూ ఉండటం, చెయ్యి పట్టు తప్పడం?"

"లేదండీ," అన్నాడు మా ఆయన. బస్సుల డిపోలో మెకానిక్ ఆయన. ఏ బండైనా ఆగేముందు చప్పుడు చేస్తుందని నమ్మే మనిషి. అందుకే మళ్లీ మళ్లీ చెప్పాడు. "అలాంటిదేం లేదండీ. మొన్నటిదాకా చాక్లెట్లు చేసింది. పెదవితో వేడి చూసి చేస్తుందండీ మా అమ్మ. ఒక్క పళ్లెం కూడా చెడలేదు. పెదవికి ఏమైనా అయ్యుంటే తెలిసేది కదండీ."

డాక్టరమ్మ తల ఊపింది. "సాధారణంగా ముందు ఏదో ఒక సూచన ఉంటుంది. అప్పుడే వచ్చుంటే మందులతో చాలావరకు ఆపొచ్చు. సూచన లేకుండా వచ్చేవీ ఉంటాయి లెండి. మీరేం చేయగలరు?"

నేను గోడకానుకుని నిలబడి ఉన్నాను. నోరు తెరిచాను. వదిన వచ్చి నన్ను పట్టుకుని ఏడ్చింది. "నువ్వుండబట్టి అమ్మ ఇన్నాళ్లూ మహారాణిలా బతికింది," అంది నా భుజం మీద. తెరిచిన నోరు మూసుకున్నాను.

పదకొండో రోజున అత్తయ్యకు మాట వచ్చింది. మాటలు కాదు, ఒక్క మాట. ఒక్కోసారి అలా ఒకటే మిగులుతుందని, మనిషి ఏం చెప్పాలనుకున్నా నోట అదే వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. నర్సు దిండు సర్ది, "ఎలా ఉందమ్మా?" అని అడిగితే, అత్తయ్య ఎంతో కష్టపడి, వంకర మూతితో అంది.

"బాగున్నాయి."

మా ఆయన పిల్లాడిలా ఏడ్చేశాడు. వదిన అందరికీ ఫోన్లు చేసింది. నేను వరండాలోకి వెళ్లి గోడవైపు తిరిగి నిలబడ్డాను.

ఇంటికి తెచ్చాం. వదిన తనతో తీసుకెళతానంది. అత్తయ్య ఎడమ చేత్తో మంచం పట్టె పట్టుకుని, "బాగున్నాయి! బాగున్నాయి!" అని గదమాయించింది. ఆ ఒక్క మాటలోనే ఆమెకు కోపం ఉంది, వెటకారం ఉంది, బతిమాలడం ఉంది. నీళ్లు కావాలన్నా అదే. నొప్పెట్టినా అదే. నేను జుట్టు దువ్వుతూ చిక్కు లాగితే, "బాగున్నాయి," అని నా చేతి మీద ఒక్కటి వేస్తుంది. గొంతుని బట్టి ఏమంటోందో మాకు తెలిసిపోతుంది. వదిన లెక్క ప్రకారం నేను మంచి కోడలిని. వదిన అలా అన్నప్పుడల్లా ముఖం తిప్పుకుని ఏదో ఒక పని కల్పించుకుంటాను.

మళ్లీ చలికాలం వచ్చింది. ఈసారి వద్దన్నారు అందరూ. నేను వినలేదు. పుదీనా కోశాను, నీడన ఆరబెట్టాను, రెండుసార్లు జల్లించాను. థర్మామీటర్ ముట్టుకోబుద్ధి కాలేదు. అత్తయ్య కుర్చీని వంటగది గడప లోపలికి జరిపి, ఆమె చూస్తుండగా, వేలు పెదవికి తాకించుకుని చూశాను. చల్లగానే అనిపించింది. పోశాను.

నాలుగింటికి పళ్లెం తీస్తే ఇరవై నాలుగూ తెల్లబోయి ఉన్నాయి.

పళ్లెం అలాగే తీసుకెళ్లి ఆమె ఒళ్లో పెట్టాను. కింద కూర్చున్నాను. "అత్తయ్యా, పోయినేడు మీవి కూడా ఇలాగే వచ్చాయి," అన్నాను. "మూడుసార్లు. మీరు పడుకున్నప్పుడు నేనే కరిగించి మళ్లీ పోశాను. పెదవి మొద్దుబారుతోందని మీరు చెప్పినప్పుడు కూడా చెప్పలేదు. చెప్పి ఉంటే మిమ్మల్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేవాళ్లం. మీ మాట, మీ చెయ్యి, నా వల్లే పోయాయి."

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నన్ను కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆమె ఎడమ చేత్తో పళ్లెంలోంచి ఒకటి పెకలించింది. అది సరిగ్గా ఊడి రాక, సగమే వచ్చింది. చెవి దగ్గర పెట్టుకుని విరిచింది. చప్పుడు రాలేదు. నోట్లో పెట్టుకుని మెల్లగా చప్పరించింది. కుడి మూలనుంచి కారింది, నేను తుడిచాను.

అప్పుడు అంది ఆ మాట.

"బాగున్నాయి."

కోపంగా అనలేదు. వెటకారంగానూ అనలేదు. ఏడాదిగా ఆమె గొంతు వింటున్నాను, అన్నీ పోల్చుకోగలను. ఈ గొంతు మాత్రం ఆమెది కాదు. గబగబా, ఎదుటి మనిషి నొచ్చుకోకూడదని అనే గొంతు. మూడుసార్లు ఆమెతో నేను అన్నది సరిగ్గా అలాగే.

ఆ పళ్లెం నేను కరిగించలేదు. పన్నెండు డబ్బాల్లోనూ ఒకటీ రెండూ చొప్పున అవే సర్ది పంపించాను. ఈ తెల్ల చారలేంటని మొదట ఫోన్ చేసి అడిగింది వదినే.